తెల్లవారుజామున వచ్చే గుండెనొప్పి

ఒక సోదరి ఇలా వ్రాస్తున్నారు:

"మావారికి నలభై ఎనిమిదేళ్లు. కొన్నాళ్ల క్రితం తెల్లవారుజామున నాలుగు గంటలవేళ గుండెల్లో పట్టేసినట్లయి, చెమటలు పోసి లేచి కూర్చునేవారు. పది నిముషాల్లో తగ్గిపోయేది. పగలు మూడంతస్తుల మెట్లెక్కినా ఏమీ ఉండదు. ఇసీజీ బాగుందన్నారు. యాంజియోగ్రాం తీసి అడ్డులేవీ లేవన్నారు. మా అత్తగారు వాయువని వాముకషాయం కాచి ఇచ్చారు. డాక్టరుగారేమో రక్తనాళం బిగుసుకుంటున్నదని మాత్రలు వ్రాశారు. అవి వాడితే నొప్పి పోయింది. 'అడ్డులు లేవన్నారుగా, ఇంకా మందులెందుకు?' అని మావారు మానేశారు. సిగరెట్టు మాత్రం మానలేదు. ఇందులో ప్రమాదమేమైనా ఉందా?"

ఉందమ్మా. అందుకే ముందు జవాబు చెప్పి, తరువాత కారణం చెబుతాను. ఆయనను ఈవేళే ఆ డాక్టరుగారి దగ్గరకు తీసుకువెళ్లి, మాత్రలు మానిన సంగతి దాచకుండా చెప్పండి.

ఇక కారణం. అర్ధరాత్రి నిద్రలో పిక్క పట్టేయడం అందరికీ అనుభవమే. కాసేపు ప్రాణం పోయినంత బాధ. తెల్లవారి చూసుకుంటే కాలు మామూలుగానే ఉంటుంది. గుండెకు రక్తమిచ్చే నాళాల గోడల్లోనూ కండరం ఉన్నది. అది ఉన్నట్టుండి బిగిస్తే దారి మూసుకుపోయి, గుండెకు రక్తం అందదు. బిగువు సడలగానే అంతా మామూలే. కనుక నొప్పి లేని సమయంలో తీసిన ఇసీజీలో ఏమీ కనబడకపోవచ్చు. యాంజియోగ్రాం సంగతీ అంతే. దొంగ వెళ్లిపోయిన తరువాత ఇల్లు వెదికితే ఎవరు దొరుకుతారు?

నడిస్తే వచ్చి, నిలబడితే తగ్గే గుండెనొప్పిని గురించి లండనులో హెబర్డెన్ అనే వైద్యుడు 1768లోనే చెప్పాడు. ఇది దానికి తిరగబడ్డ రకం. విశ్రాంతిగా ఉన్నప్పుడు, ముఖ్యంగా అర్ధరాత్రి దాటి తెల్లవారేలోగా వస్తుంది. దీన్ని 1959లో అమెరికాలో ప్రింజ్‌మెటల్ అనే వైద్యుడు, ఆయన సహచరులు వివరించారు. నాళం బిగుసుకోవడం తరువాతి కాలంలో యాంజియోగ్రాంలోనే కంటికి కనబడింది. ఇప్పుడు అవసరమైతే ఆసుపత్రిలో అసిటైల్‌కోలిన్ అనే మందిచ్చి, నాళం బిగుసుకుంటుందేమో పరీక్షించి చూస్తారు.

బిగువు కొద్ది నిముషాలకే సడలితే సరే. సడలకపోతే గుండె కండరం దెబ్బతింటుంది. ఒక్కొక్కప్పుడు గుండె లయ తప్పి హఠాత్తుగా ప్రాణమే పోవచ్చు. అడ్డులు లేవన్న మాటకు అపాయం లేదని అర్థం కాదు. అడ్డులు కూడా ఉన్నవారికి ఈ బిగువు తోడైతే అపాయం మరింత ఎక్కువ.

అయితే బెంగపెట్టుకోకండి. మందు సరిగా వాడేవారిలో చాలామంది హాయిగా బ్రతుకుతున్నారు. డిల్టియాజెమ్, నిఫెడిపిన్ వంటి మందులు నాళాన్ని బిగుసుకోనివ్వవు. నొప్పి తగ్గిందంటే ఆ మందు పనిచేస్తున్నదన్నమాట. జబ్బు పోయిందని కాదు. హఠాత్తుగా మానేస్తే బిగువు మరింత ఉద్ధృతంగా తిరిగి రావచ్చు. తగ్గించాలన్నా మానాలన్నా డాక్టరుగారే చెప్పాలి. పక్కింటివారి రక్తపోటు మాత్రలు అరువు తెచ్చుకోవడం అసలే పనికిరాదు. ప్రొప్రానలాల్ వంటివి ఈ జబ్బును పెంచగలవు.

నొప్పి వచ్చినప్పుడు నాలుకక్రింద పెట్టుకునే మాత్ర డాక్టరుగారు ఇచ్చి ఉంటే, కూర్చుని పెట్టుకోవాలి. నిలబడి ఉంటే కళ్లు తిరిగి పడవచ్చు. అయిదు నిముషాల్లో తగ్గకపోతే తెల్లవారనీ అని ఆగకుండా 108కి ఫోను చెయ్యండి. స్పృహ తప్పితే ఒక్క క్షణం కూడా ఆగవద్దు.

ఈ జబ్బుకు సిగరెట్టును మించిన స్నేహితుడు లేడు. మీవారు మానవలసింది దాన్ని, మాత్రలను కాదు. అత్తగారి కషాయం మాటకు వస్తే, ఆవిడ ప్రేమతో కాచి ఇస్తున్నారు, త్రాగితే త్రాగనివ్వండి. మాత్రకు బదులుగా మాత్రం వద్దు.