ల్యాబ్ సీటు ఫస్ట్ ర్యాంకులకేనా?

మన భాషా మైనారిటీ బడుల్లో రోబోటిక్స్ కిట్లు ఒకటో రెండో ఉంటే, వాటి దగ్గరికి ముందుగా వెళ్లేది మార్కులు బాగా వచ్చిన పిల్లలే. కుదురుగా కూర్చోలేని పిల్లవాణ్ణి 'వీడొస్తే వైర్లు పీకేస్తాడు' అని గుమ్మం దగ్గరే ఆపేస్తున్నారు. ఈ వరస మారాలని మేము కోరుతున్నాం.

ఏకాగ్రత సమస్య ఉన్న పిల్లలు నచ్చిన పనిలో గంటసేపు మునిగిపోగలరు. ఫలితం ఎప్పుడో పరీక్షల్లో గాని తెలియని పనిలోనే వాళ్ల మనసు జారిపోతుంది. గీత వెంట నడిచే రోబో బండినే చూడండి. తెల్ల చార్టు మీద నల్ల టేపు అంటించి వదిలితే, దాని కింద ఉన్న ఇన్‌ఫ్రారెడ్ సెన్సర్ తెలుపు నుంచి ఎక్కువగా, నలుపు నుంచి తక్కువగా తిరిగొచ్చే కాంతిని బట్టి దారి పోల్చుకుంటుంది. మలుపులో టేపు దాటిపోయిందా, వేగం తగ్గించాలి, లేదా సెన్సర్ మీది చిన్న స్క్రూ కాస్త తిప్పాలి. తప్పు అప్పటికప్పుడే కళ్లముందు కనబడుతుంది. ఎర్ర సిరా ఉండదు. పదిసార్లు తప్పినా బండి విసుక్కోదు.

అలాగని ఇది మందు కాదు. కోడింగ్ నేర్పితే పిల్లాడు కుదురుకుంటాడని ఊరించే కోచింగ్ ప్రకటనలను నమ్మి ఫీజులు కట్టకండి.

మన పిల్లలకు ఇంకో చిక్కుంది. హోసూరులో తెలుగు పిల్లవాడికి తమిళం, ఇంగ్లీషు; షోలాపూర్‌లో మరాఠీ, హిందీ; బరంపురంలో ఒడియా. ఎక్కువ భాషలు నేర్చినంత మాత్రాన ఏకాగ్రత చెడదు. అయితే పాఠం భాష అర్థంకాని పిల్లా, మనసు నిలవని పిల్లా ఇద్దరూ కిటికీ వైపే చూస్తారు. ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. అదే పని తెలుగులో ఒక్కో మెట్టు చెప్పి చేయిస్తే టీచరుకు తేడా కొంత తెలుస్తుంది. తేల్చాల్సింది మాత్రం డాక్టరే. చిన్న తరగతులకు స్క్రాచ్ జూనియర్ ఉంది. అందులో ఆదేశాలన్నీ బొమ్మలే కాబట్టి చదవడం రాకపోయినా అడ్డు లేదు.

కిట్‌కు ఆరుగురిని కూర్చోబెడితే ఈ పిల్లల చేతికి ఏమీ అందదు. ఇద్దరు చాలు. ఒకరు వైర్లు, ఒకరు ప్రోగ్రాం, సగంలో మారాలి. అల్లరి చేశాడని ల్యాబ్ పీరియడ్ రద్దు చేయడం అన్నిటికన్నా చెడ్డ శిక్ష.

డబ్బు మాట వస్తుంది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం 20 లక్షల రూపాయల గ్రాంటుతో వచ్చింది. అది వచ్చేదాకా ఆగక్కర్లేదు. బొమ్మ మోటారు, బ్యాటరీలు, స్విచ్చుతో ఆరో తరగతిలో మొదలుపెట్టొచ్చు.

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల జాబితాలో అభ్యసన వైకల్యాలు ఉన్నాయి, ఏకాగ్రత లోపం విడిగా లేదు. అది ఒక్కటే ఉన్న పిల్లవాడు సర్టిఫికెట్ చూపించి సదుపాయం అడగడం కష్టం. బడి తనంతట తాను చేసే ఏర్పాటే వాడికి ఆధారం. వచ్చే పేరెంట్స్ మీటింగులో ప్రోగ్రెస్ కార్డుతో పాటు, ఈ టర్మ్‌లో ల్యాబ్‌లో ఎవరెవరు కూర్చున్నారో ఆ పేర్ల పట్టిక కూడా చూపించమని అడగండి.