శనివారపు ఆటయు ఆదివారపు ఆటయు

అమెరికా దేశమున శరత్కాలము వచ్చెనన్న వారాంతమంతయు ఫుట్‌బాలుదే. మన బడి మైదానమున బాలురు కాలితో తన్ను గుండ్రని బంతియాట యిది కాదు. రెండు కొనలు మొనదేలిన బంతిని చేతబట్టి పరుగెత్తుచు, విసరుచు, ఎదిరివారు పట్టి పడద్రోయుచుండగా గజము గజము ముందునకు సాగు ఆట. శుక్రవారము రాత్రి హైస్కూలు బాలురది, శనివారము కాలేజీలవారిది, ఆదివారము జీతముగొని ఆడు వృత్తి ఆటగాండ్రది. ఈ పంపకము వట్టి ఆచారము గాదు. 1961లో చేయబడిన చట్టమొకటి, వృత్తి జట్లన్నియు కలసి టెలివిజను హక్కులు అమ్ముకొనుట కనుమతించుచు, ఆటకాలమందలి శుక్రవారపు రాత్రులలోను శనివారములలోను బడులకు, కాలేజీలకు అడ్డురాకూడదని షరతు పెట్టినది. పెద్ద వర్తకుడు చిన్న వర్తకుని వాకిట అంగడి పెట్టరాదని చెప్పినట్లున్నది. మన తెలుగు కుటుంబము లనేకము కాపురమున్న టెక్సాసులోని ఫ్రిస్కో పట్టణమున, డాలసు వృత్తి జట్టువారు కసరత్తు చేయు పైకప్పుగల మైదానమందే ఆ యూరి హైస్కూలు జట్లును ఆడుకొనుచున్నవి. పెద్దవారు చిన్నవారికి చోటిచ్చుట యనగా ఇదియే.

అక్కడి శనివారపు మధ్యాహ్నపు ఆట ఆరంభమగునప్పటికి మనకు రాత్రి తొమ్మిదిన్నర యగును; ఆదివారపు తొలి యాటకు పదిన్నర. నవంబరులో వారు గడియారములు వెనుకకు త్రిప్పుకొన్న పిమ్మట మఱియొక గంట జాగరణము. అట్లు నిద్ర మానుకొని రెండు నాళ్ల ఆటలను చూచువారిలో మేమును చేరినవారమే. సోమవారము ఉదయమున మా ముఖము చూచినవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు.

నేర్పున ఆదివారపు ఆటయే మిన్న, సందేహము లేదు. కాలేజీ యాటలో మైదానపు అంచున బంతిని పట్టువాడు ఒక పాదము లోపల మోపిన చాలును. వృత్తి యాటలో రెండు పాదములును మోపవలెను. కాలేజీ బాలుడు బంతితో కాలుజారి తానై పడినను అక్కడితో సరి. వృత్తి ఆటగాడు ఎదిరివాడు తాకనంతవరకు లేచి పరుగెత్తవచ్చును. నియమములే ఒకరిని విద్యార్థిగాను, ఒకరిని ప్రవీణునిగాను ఎంచుచున్నవి.

ధనముతో కూడినదని ఆదివారపు ఆటను చులకన చేయువారితో మేమేకీభవింపము. 1936 మొదలు ఆ సంఘమువారు, కాలేజీలు విడిచి వచ్చు ఆటగాండ్ర నెన్నుకొనుటలో, గత సంవత్సరము మిక్కిలి ఓడిన జట్టునకే ముందు వంతు నిచ్చు పద్ధతి పెట్టిరి. విస్కాన్సిను రాష్ట్రమందలి గ్రీన్ బే పట్టణమున జనులు సుమారు 1,07,000 మంది మాత్రమే. అయినను ఆ యూరి జట్టు న్యూయార్కు, షికాగో మహానగరముల జట్లతో సరితూగుచున్నది. దానికి యజమాని ఒక కోటీశ్వరుడు కాడు; 5 లక్షలకు పైబడిన వాటాదారులు కలరు. వారికి లాభములో దమ్మిడీయైన ముట్టదు. ఆ పట్టణమంతయు ఒక్కమాఱు కదలివచ్చినను మిచిగను విశ్వవిద్యాలయపు ఆటస్థలమున కూర్చుండవచ్చును. అందలి స్థానములు 1,07,601.

శనివారపు ఆటకు ఇంతటి జనము వచ్చుట కేవలము నేర్పు చూచుటకు గాదు. 1869 నవంబరు 6వ తేదీన, అదియు శనివారమే, న్యూజెర్సీలో రట్గర్సు, ప్రిన్స్‌టను కాలేజీలు జట్టునకు 25 మంది చొప్పున దిగి ఆడిన నాటినుండియు దీని ప్రాణము పొరుగువానితోడి పోటీయే. 1936లో వృత్తి జట్లు మొట్టమొదట ఎన్నుకొనిన జే బర్వాంగరు, షికాగో విశ్వవిద్యాలయపు విద్యార్థి, వృత్తి యాట ఒక్కటియు ఆడలేదు. నేడును కాలేజీ ఆటగాండ్రలో ఆదివారమున కెక్కువారు బహు కొద్దిమంది. తక్కినవారికి ఆ నాలుగైదేండ్ల శనివారములే ఆట యంతయు.

ఇట్టి శనివారమున ఇప్పుడు డబ్బు బహిరంగముగా ప్రవేశించినది. 2021 మొదలు విద్యార్థులు తమ పేరును, రూపమును ప్రకటనల కిచ్చి సొమ్ము పుచ్చుకొనవచ్చును. 2025 జూనులో న్యాయస్థానము ఆమోదించిన ఒడంబడికనుబట్టి, ఆ జూలై మొదలు కాలేజీలే వారికి నేరుగా చెల్లింపవచ్చును. తొలి యేడు కాలేజీ యొక్కింటికి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వఱకు. దీనికి పలువురు పెద్దలు కన్నీరు గార్చుచున్నారు. మేము గార్పము. శిక్షకులకు లక్షలకొలది డాలర్లు ముట్టుచుండగా, మోకాలు విఱుగగొట్టుకొను కుఱ్ఱవానికి మాత్రము త్యాగమును బోధించుట న్యాయమా? తలకు పదేపదే దెబ్బలు తగిలిన ఆటగాండ్రలో ఏండ్లు గడచిన పిదప మెదడు చెడినవారున్నారని వైద్యులు చూపియున్నారు. కూలి నిచ్చుట ధర్మమే.

మా బాధ వేఱు. టెలివిజను సొమ్ముకొఱకు కాలేజీలు పొరుగువానిని విడిచి దూరపు ధనికునితో చుట్టఱికము కలుపుకొనుచున్నవి. 2024లో లాస్ ఏంజిలిసునందలి రెండు విశ్వవిద్యాలయములు బిగ్ టెన్ అను కూటమిలో చేరినవి. న్యూజెర్సీలోని రట్గర్సు ఆ కూటమిలోనిదే; నడుమ దూరము సుమారు 2,400 మైళ్లు. పదియని పేరు పెట్టుకొన్న ఆ కూటమిలో ఇప్పుడు పదునెనిమిది కాలేజీలున్నవి. లెక్కల అయ్యవారు క్షమింతురు గాక. పసిఫికు తీరమందలి స్టాన్‌ఫర్డు అట్లాంటికు తీరపు కూటమిలో చేరినది. భూగోళపు అయ్యవారి కేమి సమాధానము చెప్పుదుము? ఫుట్‌బాలువారు వారమున కొక్కసారి ఆడుదురు గనుక ఎట్లో సరిపెట్టుకొందురు. వాలీబాలు ఆడు బాలికలు చదువు నాళ్లలోను ఖండమును దాటి పోవలసివచ్చుచున్నది. వారు పుస్తకము తెఱచుట ఎప్పుడు?

ఇంతకంటె విచారకరమైనది ఓక్లహోమా కథ. ఆ రాష్ట్రపు రెండు పెద్ద కాలేజీలు 1904లో మొదటిసారి తలపడినపుడు, తన్నిన బంతి ఎదురుగాలికి వెనుకకు కొట్టుకొనిపోయి ఏటిలో పడగా, ఇరుజట్లవారును ఆ చలినీట దూకి ఈదులాడిరట! 1910 మొదలు ఆ పోటీ ఏటేట జరుగుచు వచ్చినది. 2023 నవంబరులో స్టిల్‌వాటరువారు 27-24 తో గెలిచిరి. మఱుసటి యేడు నార్మనువారు కూటమి మారిరి. ఆ యేటి పట్టికలో ఆ యాట లేదు.

కూటము లెట్లు మారినను, ప్రతి కాలేజియు ఏటికొక శనివారము పొరుగువానికై విడిచిపెట్టవలెనని నియమము చేయవలెనని మా అభిప్రాయము. సైనిక, నావిక కళాశాలలు డిసెంబరులో తమ పోటీకై ఒక శనివారము నుంచుకొనుచునే యున్నవి. ఓక్లహోమాలో ఇది బొత్తిగా సులభము. నార్మనునకును స్టిల్‌వాటరునకును నడుమ నూఱు మైళ్లు లేవు. ఉదయము బస్సెక్కిన బాలురు ఆటవేళకు చేరి, రాత్రికి తమ గదులలో నిద్రింపవచ్చును.