కిరీటము లేని మేటి

అమెరికా ఫుట్‌బాలునందు బంతిని చేత విసరి జట్టును నడుపు సూత్రధారిని క్వార్టర్‌బ్యాక్ అందురు. ఆ స్థానమున మయామీ డాల్ఫిన్స్ జట్టులో 17 సీజనులాడి 2000లో విరమించిన డాన్ మరీనో మాకు నేటికిని అభిమానపాత్రుడు. 1984లో ఆయన విసరులతో జట్టు సాధించిన దూరము 5,084 గజములు; దానిని దాటుటకు ఇతరులకు 2011 వరకు పట్టినది.

కాని 1985 జనవరిలో సూపర్ బౌల్ నందు జట్టు 16–38తో ఓడెను. ఆయన మరల ఆ తుది పోటీకి చేరలేదు. అందుచే ఆయనను రెండవ పంక్తిని కూర్చుండబెట్టువారితో మేమేకీభవింపము. జట్టంతయు ఓడిన ఓటమిని ఒక్కని పద్దున వ్రాయుట యేమి లెక్క?

అట్టివారు 1994 నాటి జెట్స్ ఆటను తలచుకొందురు గాక! ఆట ముగియుటకు క్షణములు మిగిలియుండగా, గడియారము నాపుటకు బంతిని నేలకు కొట్టువానివలె నటించి, ప్రత్యర్థులు ఏమరినంతనే మార్క్ ఇంగ్రామ్‌కు విసరి, చేజారిన ఆటను గెలిపించెను. ఆ కొంటెతనమునకు మేమిప్పటికిని నవ్వుకొనుచున్నాము.