ఓడ దిగిన కాగితం

తెర మీద విలన్ గారు పొడుగాటి విదేశీ కారు దిగుతుంటే మీరు ఎవర్ని చూస్తారు? విలన్నా, కారునా? నిజం చెప్పండి! నేనైతే ఆదివారం మధ్యాహ్నాలు టీవీలో పాత సినిమాలు చూసిన రోజుల నుంచీ కారునే చూస్తూ వచ్చాను. ఇంపాలా అయితే కథ అర్థం కాకపోయినా ఫరవాలేదు.

ఈ పిచ్చే మొన్నామధ్య నా మిత్రుడొకడి జేబుకు రెండు లక్షల చిల్లు పెట్టింది. ఆ పాపంలో నాకూ వాటా ఉంది గనక ఈ వారం ఆ కథే చెబుతాను.

మావాడు షూటింగులకు ప్రాపర్టీ సప్లయి చేస్తాడు. పాత టెలిఫోన్లు, గ్రామఫోన్లు, ట్రంకు పెట్టెలు, పెట్రోమాక్సు లైట్లు - ఏది కావాలన్నా కృష్ణానగర్‌లో వాడి గోడౌనులో దొరుకుతుంది. ఎనభైల నాటి కథలు తీసేవాళ్లు వచ్చి పాత ఫారిన్ కారు అడిగినప్పుడల్లా వాడికి ప్రాణం ఉసూరుమనేది.

"ఒక్క పాత బెంజి కారుంటే చాలు గురూ, అద్దెల మీదే బతికేయొచ్చు" అనేవాడు.

ఒకరోజు ఓ బ్రోకరు సదరు బెంజి ఫొటో పంపించాడు. 1985 మోడల్. మీగడ రంగు. ఊరి చివర ఒక షెడ్డులో ఉందంటే ఇద్దరం వెళ్లాం. బ్రోకరు గుడ్డ తీశాడు... ఇక చూడండి! హీరోయిన్ మేలిముసుగు తీసినట్టే ఉంది. తలుపు వేస్తే చప్పుడు కూడా మెత్తగా వచ్చింది.

"రెండేళ్ల క్రితం ఫారిన్ నుంచి దిగింది సార్. దీనికింకా మన దుమ్ము కూడా అంటలేదు" అన్నాడు బ్రోకరు. ఆర్.సి. ఎక్కడో దూరపు రాష్ట్రానిది. వెల పధ్నాలుగు లక్షలు. మావాడు నా మొహం చూశాడు. నేను ఆలోచించకుండా, "వదలకురా" అన్నాను. ఆ మాట అన్నది నేనే. రెండు లక్షలు అడ్వాన్సు చేతులు మారింది.

మా వీధిలో ఓ పెద్దాయన ఉన్నారు. డెబ్బైలలో కోడంబాకంలో కంపెనీ కార్లు నడిపిన డ్రైవరు. అందరికీ బాబాయే. ఆ సాయంత్రం గొప్పగా ఫొటోలు చూపించాను. కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసి, ఒకే ఒక్క ప్రశ్న వేశారు.

"కారు బాగానే ఉంది గానీ అబ్బాయ్, ఇది ఓడ దిగిన కాగితం ఏదీ?"

అప్పట్లో మద్రాసులో సినిమావాళ్ల దగ్గర కనిపించిన విదేశీ కార్లు కొన్ని రాయబార కార్యాలయాల వారు వాడి వదిలేసినవి. ప్రభుత్వ సంస్థ స్టేట్ ట్రేడింగ్ కార్పొరేషన్ వాటిని అమ్మేది. "ఆ ఎస్.టి.సి. కాగితాన్ని పెళ్లి శుభలేఖలాగా దాచుకునేవాళ్లురా! కారుకు తుప్పు పట్టినా కాగితానికి చెద పట్టనిచ్చేవాళ్లు కాదు" అన్నారు బాబాయి.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాటి నుంచీ నిబంధనలు తిరగేశాను. తెలిసింది చెబుతాను, జాగ్రత్తగా వినండి.

విదేశంలో వాడిన కారును మామూలుగా మన దేశానికి తేవాలంటే అది తయారై మూడేళ్లు దాటకూడదు. పాతకాలపు వింటేజి కార్లకు వేరే దారి ఉంది. ఒకప్పుడు 1950కి ముందు తయారైన వాటికే ఆ అవకాశం ఉండేది. 2025 ఫిబ్రవరిలో దాన్ని సడలించి, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి యాభై ఏళ్లు నిండిన వాటికి వర్తింపజేశారు. అంటే మూడేళ్లలోపు పసిబిడ్డ రావచ్చు, యాభై దాటిన పెద్దమనిషి రావచ్చు. మధ్య వయసు వాళ్లకు మామూలుగా ప్రవేశం లేదు!

ఇప్పుడు మా బెంజి లెక్క చూడండి. 1985 కారుకు 2035 దాకా యాభై నిండవు. రెండేళ్ల క్రితం ఏ దారిన దిగినట్టు? పోనీ ఎనభైలలోనే వచ్చిందనుకుందాం. అలాగైతే మొదటి రిజిస్ట్రేషన్ అప్పటిదే ఉండాలి. ఆర్.సి.లో తేదీ చూస్తే రెండేళ్ల కిందటిదే. ఎటు తిప్పినా లెక్క కుదరదు.

బ్రోకరుకు ఫోను చేసి, బిల్ ఆఫ్ ఎంట్రీ చూపించమన్నాం. కస్టమ్స్ వారి దగ్గర సరుకు వివరం, వెల, కట్టిన సుంకం నమోదయ్యే పత్రం అదే. బాబాయి అన్న ఓడ దిగిన కాగితమూ అదే. మొదట "ఏజెంటు దగ్గరుంది సార్" అన్నాడు. తర్వాత "ఆర్.సి. ఉండగా ఇంకేం కాగితం సార్?" అన్నాడు. ఆ తర్వాత ఫోనే లేదు. షెడ్డుకు పరుగెత్తితే అక్కడ కారూ లేదు.

ఆర్.సి. ఉంటే చాలదా అని మీరూ అడగొచ్చు. 2025 సెప్టెంబరులో కేరళలో కస్టమ్స్ వారు 'ఆపరేషన్ నుమ్‌ఖోర్' అని పెద్ద ఎత్తున సోదాలు జరిపారు. భూటాన్ నుంచి దొంగదారిన తెచ్చిన వాహనాలకు నకిలీ పత్రాలతో వేరే రాష్ట్రాల్లో రిజిస్ట్రేషన్ చేయించారన్నది వారి ఆరోపణ. కొందరు ప్రముఖ మలయాళ నటుల ఇళ్లకూ వెళ్లారు. కొన్నవాళ్లంతా తెలిసే కొన్నారని నేననను. కానీ తెలియక కొన్నా, ముందు బండి పోతుంది. న్యాయం తేలడం ఆ తర్వాత మాట.

మరి దొరదారిన తెస్తే ఎంతవుతుంది? కారు వెలకు ఓడ కిరాయి, బీమా కూడా కలిపి సుంకం లెక్కగడతారు. ఆ సుంకమే కారు వెలను మించుతుంది. ఆ మొత్తం మీద జి.ఎస్.టి. కారు ఒకటి, ఖర్చు మూడు కార్లది!

డబ్బున్న వాళ్లకూ ఇది తలనొప్పే. తమిళ హీరో విజయ్ 2012లో ఇంగ్లండు నుంచి రోల్స్ రాయిస్ తెప్పించుకుని, రాష్ట్ర ప్రవేశ పన్ను విషయమై కోర్టుకెక్కారు. 2021 జూలైలో మద్రాసు హైకోర్టు జడ్జి పిటిషన్ కొట్టేసి, ఘాటుగా మందలించి, లక్ష రూపాయలు కట్టమన్నారు. ఆ ఘాటు వ్యాఖ్యలను 2022 జనవరిలో డివిజన్ బెంచి తొలగించింది. ఆ ప్రవేశ పన్ను 2017లో జి.ఎస్.టి. రాకతో పోయింది గానీ, పన్ను అనేది మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇక రిజిస్ట్రేషన్. యాభై ఏళ్లు దాటిన బళ్లకు 2021 జూలైలో కేంద్రం ప్రత్యేక నిబంధనలు తెచ్చింది. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత 'వీఏ' అని వస్తుంది. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. విదేశం నుంచి వచ్చిన బండి అయితే దరఖాస్తుతో బీమా, బిల్ ఆఫ్ ఎంట్రీ జతచేయాలి. మళ్లీ అదే కాగితం! ఇంతా చేస్తే ఆ కారును ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, పెట్రోలుకూ, రిపేరుకూ తప్ప రోజువారీగా గానీ వ్యాపారానికి గానీ రోడ్డు మీద తిప్పకూడదు. అద్దెల మీద బతికేద్దామన్న మావాడి కల అక్కడా చెల్లేది కాదు.

వేరే రాష్ట్రం బండి కొనేవాళ్లకు ఇంకో మాట. అక్కడి ఆఫీసు నుంచి ఎన్.ఓ.సి. అడిగి తీసుకోండి. పన్నెండు నెలలు మించి ఇక్కడే ఉంచితే ఇక్కడి నంబరు తీసుకోవాలి, ఇక్కడి పన్నూ కట్టాలి.

పోలీసు ఫిర్యాదు ఇచ్చాం. రెండు లక్షలు ఇంకా రాలేదు. "వదలకు అన్నది నేనే కదా, యాభైవేలు నేను పెట్టుకుంటాన్రా" అంటే మావాడు ఒప్పుకోలేదు. "ఆ డబ్బు నాకొద్దు గురూ, నీ కాలమ్‌లో రాయి. ఇంకొకడి రెండు లక్షలైనా మిగులుతాయి" అన్నాడు. అందుకే రాశాను.

ఇప్పుడు వాడి గోడౌను ముందు ఓ పాత అంబాసిడరు నిలబడి ఉంది. పదిహేనేళ్లు దాటిన బండి గనక గ్రీన్ టాక్సు కట్టాడు, రెన్యువల్ చేయించాడు. కాగితాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టాడు. బాబాయి వచ్చి ముందు కవరు విప్పి చదివారు. ఆ తర్వాతే కారు చుట్టూ తిరిగారు.

విలన్ గారు ఇక అంబాసిడరే దిగుతారు. మీరు మాత్రం కారుకు మనసు ఇచ్చే ముందు కాగితం అడగండి!