గొంతుకి వయసు చెప్పకండి!

పెళ్ళిచూపుల్లో 'అమ్మాయికి పాటలొచ్చా?' అని అడగని ఇల్లు ఒకప్పుడు మన వైపు అరుదు. పెళ్ళయ్యాక 'ఏదీ, ఓ పాట పాడమ్మా' అని అడిగిన ఇల్లు అంతకన్నా అరుదు! చాప మీద తల వంచుకు కూర్చుని, మగపెళ్ళివారు కాఫీలు తాగుతూ వింటుంటే పాడిన ఆ ఒక్క పాటతో ఎంతోమంది ఆడవాళ్ళ సంగీతం సరి. ఆ తర్వాత మిగిలేవి సత్యనారాయణ వ్రతంలో మంగళహారతి, ఉయ్యాల దగ్గర లాలిపాట. రెండూ తీయనివే. కానీ ఒకటి దేవుడి కోసం, ఇంకొకటి బిడ్డ కోసం. మరి తన కోసం తాను పాడుకునే పాటో?

ఈ ప్రశ్న నన్ను ఈమధ్య బాగా పట్టుకుంది. దానికి కారణం చెబితే నవ్వుతారేమో... డిస్కో పాటలు! ముప్ఫై నలభై ఏళ్ళ కిందటి ఆ పాటలు ఇప్పుడు మా తునిలో పెళ్ళిళ్ళలోనూ, పిల్లల ఫోన్లలోనూ మళ్ళీ మోగుతున్నాయి. అవి వింటూ, ఏ పాట ఎవరు పాడారు, పాడినప్పుడు వాళ్ళకెన్నేళ్ళు అని చూసుకుంటూ వెళితే నాకు చాలా ఆశ్చర్యం వేసింది.

బ్యాండు మేళం బదులు గ్రామఫోన్ రికార్డులు వేసుకుని నాట్యం చేసే క్లబ్బుల్ని డిస్కోథెక్‌లు అనేవారు. అక్కడినుంచి పుట్టిన పేరే డిస్కో. 1970ల్లో అమెరికాలో, యూరప్‌లో ఈ బాణీ ఊపేసింది. ఏ పాట పైన ఉంది, ఏది కింద ఉంది అని చెప్పడానికి వాళ్ళకి చార్టులుండేవి. రికార్డులెన్ని అమ్ముడుపోయాయి, రేడియోలో ఎంతగా మోగింది అన్న లెక్కలు చూసి స్థానాలిచ్చేవారు. మనవాళ్ళకీ 1952లో రేడియో సిలోన్‌లో మొదలైన 'బినాకా గీత్‌మాలా' ఉంది. అమీన్ సయానీ గొంతు కోసం దేశమంతా వారం వారం ఎదురుచూసేది. ఇక మన చిన్న ఊళ్ళల్లో చార్టంటే పెళ్ళిపందిట్లో మైకుసెట్టే! రోజుకి ఎన్నిసార్లు వేస్తే అంత పెద్ద హిట్టు.

1980లో వచ్చిన హిందీ సినిమా 'కుర్బానీ' సంగతి చూడండి. సంగీతం కల్యాణ్‌జీ ఆనంద్‌జీలది. కానీ 'ఆప్ జైసా కోయీ' అన్న ఒక్క పాటని మాత్రం లండన్‌లో స్థిరపడిన మన బెంగుళూరు మనిషి బిడ్డు చేశాడు. 1974లో 'కుంగ్ ఫూ ఫైటింగ్' పాటని ఇంగ్లండులోనూ అమెరికాలోనూ మొదటి స్థానానికి చేర్చినవాడు ఆయనే. అంత పేరున్నవాడు తన హిందీ పాటకి ఎంచుకున్నది ఎవరిననుకున్నారు? కరాచీలో పుట్టి, లండన్‌లో చదువుకుంటున్న నాజియా హసన్‌ని. అప్పటికామెకి పదిహేనేళ్ళు! శాస్త్రీయంగా తీర్చిదిద్దిన గొంతు కాదు. బళ్ళో పక్క బెంచీ అమ్మాయి పాడినట్టే ఉంటుంది. తెర మీద జీనత్ అమన్ ఆడింది. పాట దేశమంతా మోగింది. 1981లో ఉత్తమ గాయనిగా ఫిల్మ్‌ఫేర్ బహుమతి ఆ చిన్నపిల్లకే వచ్చింది. అదే ఏడాది తమ్ముడు జోహెబ్‌తో కలిసి 'డిస్కో దీవానే' అనే ఆల్బమ్ పాడింది. సినిమా లేకుండానే పాటలు జనాన్ని ఊపగలవని చూపించింది.

సరే, పదిహేనేళ్ళ పిల్లకి గొంతు హుషారుగానే ఉంటుంది అంటారా? అయితే అమెరికా గాయని గ్లోరియా గేనర్ కథ వినండి. 1978లో ఆవిడ వేదిక మీద పడిపోయి వెన్నెముకకి ఆపరేషన్ చేయించుకుంది. నడుముకి పట్టీ బిగించుకునే స్టూడియోకి వెళ్ళి 'ఐ విల్ సర్వైవ్' పాడింది. నేను బతికి తీరతాను అని దాని అర్థం. రికార్డు కంపెనీకి ఆ పాట మీద అంత నమ్మకం లేదు. రికార్డుకి ముందు వైపు ఇంకో పాట పెట్టి, దీన్ని వెనక వైపు వేశారు. క్లబ్బుల్లో రికార్డులు వేసే కుర్రాళ్ళు దాన్ని తిరగేసి, వెనక వైపునే పదేపదే వేశారు. 1979 మార్చికల్లా అమెరికా చార్టులో అది మొదటి స్థానం! అప్పుడావిడకి ముప్ఫై అయిదేళ్ళు. ఇద్దరు పిల్లల తల్లులైన మనలో చాలామంది, ఇక మన రోజులైపోయాయి అనుకునే వయసు కదూ అది!

ఇప్పుడు మన ఇంటికే వద్దాం. 1986లో కృష్ణ గారి 'సింహాసనం' వచ్చింది. తెలుగులో మొదటి 70 ఎం.ఎం. సినిమా. 'డిస్కో డాన్సర్'తో దేశాన్ని గంతులేయించిన బప్పీలహరి మొదటిసారి తెలుగులో సంగీతం చేసిందీ దానికే. 'ఆకాశంలో ఒక తార' తగలని పెళ్ళిపందిరి ఆ ఏడాది లేదంటారు పెద్దవాళ్ళు. తెర మీద మన రాజమండ్రి అమ్మాయి జయప్రద, రాధ, మందాకిని మెరిసిపోయారు. ఆ సినిమాలో రాజ్ సీతారామ్‌తో పోటీపడి గొంతు కలిపిందెవరు? పి. సుశీల గారు! విజయనగరంలో 1935 నవంబరులో పుట్టిన సుశీలమ్మకి అప్పటికి నిండా యాభై ఏళ్ళు. భక్తి పాటలూ, జోలపాటలూ, విరహ గీతాలూ వేలకి వేలు పాడేసిన మనిషి. 'ఈ వయసులో నాకీ డిస్కోలెందుకు నాయనా' అని కూర్చోలేదు. పాడారు, పాతికేళ్ళ అమ్మాయిల పెదాలకి అతికినట్టు పాడారు. 17,695 పాటలు పాడినట్టు 2016లో గిన్నిస్ వాళ్ళు ఆవిడ పేరు రాసుకున్నారంటే ఊరికే కాదు.

పదిహేను, ముప్ఫై అయిదు, యాభై. మూడు వయసులు, మూడు హిట్లు. వినేవాళ్ళెవరూ వయసు ధ్రువపత్రం అడగలేదు. అడిగేదల్లా మన ఇళ్ళల్లోనే!

మా అమ్మ కొత్తగా కాపురానికి వచ్చిన రోజుల్లోవే ఈ 'సింహాసనం' పాటలు. వీధి చివర మైకులో వస్తుంటే, నూతి దగ్గర అంట్లు తోముతూ మెల్లగా కూనిరాగం తీసిందట. 'ఏంటమ్మాయ్, ఇది కొంపా సినిమా హాలా?' అన్నారట ఇంట్లో పెద్దావిడ. అంతే, నోరు కట్టడి. నలభయ్యో ఏట మేం పాడమంటే, 'పెళ్ళీడు పిల్లలున్నారు, బాగుండదే' అనేది. ఇప్పుడు అరవై దాటాక మా అబ్బాయి కరావోకే మైకు చేతిలో పెడితే, 'ఈ వయసులో నాకెందుకురా, నలుగురూ నవ్వుతారు' అంటోంది. ఇరవైలో కొత్త కోడలు, నలభైలో పిల్లల తల్లి, అరవైలో అమ్మమ్మ. మరి ఆడదానికి పాడుకునే వయసేదండీ?

ఆయన స్నానాల గదిలో కూనిరాగం తీస్తే 'ఇవాళ అయ్యగారు హుషారుగా ఉన్నారు' అంటాం. అదే రాగం వంటింట్లోంచి వస్తే 'ఏంటి విశేషం?' అని ఆరా! ఆ ఆరా తీసే గొంతు చాలాసార్లు ఇంకో ఆడదానిదే కావడం మరీ బాధ.

'డిస్కో పాటలేమైనా గొప్ప సాహిత్యమా, ఆడపిల్లలు పాడాల్సినవేనా?' అని అడిగేవాళ్ళూ ఉంటారు. నిజమే, ఆ రోజుల పాటల్లో మాటలు కొన్ని చోట్ల తేలిక. తెర మీద కెమెరా ఆడవాళ్ళని చూసిన చూపూ అంత మర్యాదైంది కాదు. దాన్ని విమర్శిద్దాం. కానీ అదే పాట మగపిల్లాడు పాడితే ముచ్చట, ఆడపిల్ల పాడితే అప్రతిష్ట అంటే అది సాహిత్యం మీద ప్రేమ కాదు కదా. ఆడపిల్ల గొంతు గడప దాటకూడదన్న పాత కట్టడే, కొత్త చీర కట్టుకొచ్చింది.

చార్టులు అమ్ముడైన రికార్డుల్ని లెక్కపెట్టాయి. నూతి దగ్గరే ఆగిపోయిన కూనిరాగాల్ని ఏ చార్టూ లెక్కపెట్టలేదు. ఆ లెక్క మనమే సరిచేయాలి. కార్తీక వనభోజనాల్లో మగవాళ్ళు పేకాడుతుంటే, వడ్డన చూసుకునే పని మనదే అనుకోకండి. అంత్యాక్షరి మొదలుపెట్టండి. బడి వార్షికోత్సవాల్లో పిల్లల డాన్సులతో పాటు తల్లులకీ ఓ పావుగంట ఇమ్మని అడగండి. కోడలు పాడుతుంటే టీవీ గొంతు తగ్గించండి. పిల్లలూ, మీ అమ్మమ్మ పాట ఒకటి మీ ఫోన్‌లో రికార్డు చేసి ఉంచుకోండి.

రేపు పాడుకోవచ్చులే అని వాయిదా వేయకండి. నాజియా 1992లో మత్తుమందులకి వ్యతిరేకంగా 'కెమెరా కెమెరా' అనే ఆల్బమ్ పాడి, పాటలకి సెలవు చెప్పింది. 2000 ఆగస్టు 13న లండన్‌లో ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో కన్నుమూసింది. గ్లోరియా తన పెద్ద హిట్టు పాడిన వయసే ఆమెకి ఆఖరి వయసు, ముప్ఫై అయిదేళ్ళు! గ్లోరియా మాత్రం 2020లో, డెబ్భై ఆరేళ్ళ వయసులో, భక్తి పాటలకి మళ్ళీ గ్రామీ అందుకుంది. ఎవరికెంత కాలం రాసిపెట్టి ఉందో ఎవరికి తెలుసు?

అందుకే, ఇవాళ సాయంత్రం పోపు వేస్తూ మీకిష్టమైన పాట ఒకటి ఎత్తుకోండి... కాస్త గట్టిగానే! హాల్లోంచి ఎవరైనా 'ఏంటి విశేషం?' అని అడిగితే, 'ఏమీ లేదు, పాట గుర్తొచ్చింది' అనండి. చాలు.