ఆయాస రోగుల అంత్యదశ

క్యాన్సరు రోగి తుదిదినములలో నొప్పితో మూలుగకుండ చూచుట వైద్యుల విధి యని మన దేశమున క్రమక్రమముగ అంగీకరింపబడుచున్నది. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి యందు ఇందుకై ప్రత్యేక విభాగమే కలదు. ఇది సంతోషింపదగిన విషయము. కాని ఊపిరితిత్తులు చెడి, ఏండ్ల తరబడి ఆయాసపడి, కడకు ఊపిరాడక మరణించువారికి ఈ యాదరణ ఏల లభింపరాదు? వారి బాధ తక్కువదియని నిర్ణయించినవారెవరు? ప్రభుత్వములును, వైద్యులును, రోగుల బంధువులును ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలసియున్నదని మా యభిప్రాయము.

ఈ వ్యాధిని వైద్యులు సి.ఓ.పి.డి. యందురు. మన గ్రామములలో ఆయాసమనియు, దగ్గు జబ్బనియు వాడుక. ఉబ్బసముతో కలిపి చెప్పుటయు కలదు గాని, అది వేరు, ఇది వేరు. ఊపిరితిత్తులలోని గాలిగొట్టములు ఇరుకై, గాలి తిత్తులు పాడై, లోనికి పోయిన గాలి పూర్తిగ వెలికి రాకుండుట దీని లక్షణము. చెడిన భాగము తిరిగి బాగుపడదు. 2021లో ప్రపంచమున సుమారు 35 లక్షల మంది దీనివలన మరణించిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. మన దేశములో 2016 నాటికే మరణకారణములలో గుండెజబ్బు తరువాతి స్థానము దీనిది. చుట్ట, బీడీ, సిగరెట్టు మాత్రమే దీనికి మూలములు గావు. కట్టెల పొయ్యి ముందు, పిడకల పొగలో జీవితమంతయు వంట చేసి, ఒక్కనాడును పొగ త్రాగి యెరుగని యిల్లాండ్రును, క్వారీల దుమ్ము పీల్చిన కూలీలును దీని పాలగుచున్నారు. గుంటూరు, ప్రకాశము జిల్లాలలో పొగాకు పండించి, బ్యారన్లు కట్టి బాగుపడిన కుటుంబములు అనేకములు. ఆ యార్జనము నేరమని మేమనము. కాని ఆ పంట ఫలమును తమ రొమ్ములలో మోయుచున్న వారి యెడల ఆ సీమలకు ఒక ఋణము కలదని చెప్పక తప్పదు.

ఈ రోగులు ఉపేక్షింపబడుటకు వ్యాధి నడకయే ఒక కారణము. క్యాన్సరు ముదిరిన పిమ్మట రోగి క్షీణించుట అందరికిని కనబడును. ఆయాసరోగి యట్లు గాదు. చలికాలమున జబ్బు తిరుగబెట్టును, ఆసుపత్రిలో చేర్తురు, తేరుకొని ఇంటికి వచ్చును. కొన్ని నెలలకు మరల అదే కథ. ప్రతిమారును మునుపటి శక్తిలో కొంత పోవుచుండును. మొదట పొలము గట్టు వరకు నడువలేడు, పిదప వీధి వరకు, కడకు మంచము నుండి స్నానాలగదికి పోవుటయు గగనమగును. ఏ రాక కడపటిదో చెప్పుట వైద్యునికైనను సాధ్యము గాదు. అందుచేత ఎవరును ఏమియు మాటలాడరు. ఒకనాటి అర్ధరాత్రి ఊపిరాడక పట్టణమునకు తీసికొనిపోగా, గొంతులో గొట్టము వేసి యంత్రమునకు తగిలింతురు. మాటలాడుటకు నోరు లేక, చూచుటకు తనవారు దగ్గర లేక, అపరిచితుల నడుమ ఆ ప్రాణము పోవును. దాని ఖర్చుకై ఎకరము పొలము అమ్ముకొన్న కుటుంబములను మన పాఠకు లెరుగుదురు.

ఇది మన దేశపు దురవస్థ మాత్రమే గాదు. బ్రిటనులో 2000లో ప్రకటింపబడిన యొక పరిశోధనలో ముదిరిన ఆయాసరోగులు 50 మందిని, ఊపిరితిత్తుల క్యాన్సరు రోగులు 50 మందిని పోల్చి చూచిరి. ఆయాసరోగులలో నూటికి 90 మందికి తీవ్రమైన ఆందోళనమో, దిగులో కలదు. క్యాన్సరు రోగులలో నూటికి 52 మందికే. అయినను ఉపశమన వైద్యనిపుణుల సాయము క్యాన్సరు రోగులలో నూటికి 30 మందికి అందగా, ఆయాసరోగులలో ఒక్కరికిని అందలేదు. అమెరికాలోని ఆసుపత్రులలో జరిగిన పరిశీలనలోను, ఇరువర్గముల వారును సుఖమైన ముగింపునే సమానముగ కోరినను, ఆయాసరోగులనే యంత్రములకు ఎక్కువగ తగిలించిరని తేలినది.

ఉపశమన చికిత్స యనగానే ఆశ వదలుకొనుటయని మనవారు భయపడుదురు. ఈ భయము నిరాధారమైనది. లండనులోని కింగ్స్ కాలేజి ఆసుపత్రిలో ఆయాసముతో బాధపడు 105 మందికి, సగము మందికి వెంటనే యుపశమన సేవ కలుగజేసియు, తక్కినవారికి వాడుక చికిత్సయే సాగించియు చూచిరి. ఆరు నెలలకు మొదటి వర్గమున 53 మందిలో 50 మంది జీవించియుండగా, రెండవ వర్గమున 52 మందిలో 39 మందియే మిగిలిరి. ఇది 2014లో ప్రకటితమైనది. ఒక్క పరిశోధనతో ఆయువు పెరుగునని సిద్ధాంతము చేయరాదు. ఆయువు తరుగునను వాదము మాత్రము నిలువదు.

ఈ చికిత్సలో ఇంద్రజాల మేమియు లేదు. ముఖమునకు చేతి పంకాతో గాలి తగులజేయుట, ముందునకు వంగి కూర్చుండు విధము, పెదవులు ముడిచి మెల్లగ గాలి విడుచుట, శక్తికి మించని వ్యాయామము, ఆందోళనమునకు ధైర్యవచనము, ఇవి మొదటి సాధనములు. రక్తములో ప్రాణవాయువు మిక్కిలి తగ్గినవారికి రోజునకు 15 గంటలకు తక్కువ గాకుండ దానిని ఇంటనే యిచ్చినచో ఆయువు పెరుగునని 1980 ప్రాంతముననే రుజువైనది. అందరికిని సిలిండరు అవసరము లేదు. మార్ఫిన్ విషయమున జాగరూకత కావలెను. ఆయాసపడు ప్రతివానికిని దాని నిచ్చుటవలన మేలు కనబడలేదని ఆస్ట్రేలియాలో 2022లో తేలినది. కాని తుదిదశలో, ఏ యితర ఉపాయమును పారనప్పుడు, అల్పమాత్రలో, వైద్యుని కనుసన్నల నిచ్చినచో ఊపిరాడని వేదన చల్లారును. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టమునకు జడిసి ఔషధశాలలు దీనిని ఉంచుకొనుటయే మానివేసినవి. ఆ చట్టము 2014లో సవరింపబడి, అనుమతుల చిక్కులు తగ్గింపబడినవి. ప్రభుత్వపు లైసెన్సుతో నల్లమందు పండించు ఈ దేశములో రోగికి ఒక మాత్ర దొరకకుండుట మనకు తలవంపు.

ఇక యంత్రముల మాట. తేరుకొనదగిన రోగికి శ్వాసయంత్రము ప్రాణదాత. దానిని మేము నిరసింపము. తేరుకొనుట కల్ల యైనప్పుడు తనకు ఏమి కావలెనో చెప్పుకొను హక్కు రోగిది. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు ఈ హక్కును గుర్తించినది. 2023లో పద్ధతిని సులభతరము గావించి, ఇద్దరు సాక్షుల యెదుట వ్రాసిన పత్రమును నోటరీ గాని, గెజిటెడు అధికారి గాని ధ్రువపరచిన చాలునన్నది. నాలుగు ఎకరముల పంపకమునకు వీలునామా వ్రాయు పెద్దలు తమ కడపటి ఊపిరిని గూర్చి ఒక కాగితము వ్రాయకుండుట వివేకము గాదు. బిడ్డలు తండ్రితో ఈ ప్రస్తావన తెచ్చుట అశుభమని తలంపక, జబ్బు నిదానించి యున్న రోజుననే నెమ్మదిగ అడుగవలెను: “మీ కేమి భయము? ఎక్కడ ఉండవలెనని మీ కోరిక?”

దారి చూపినవారు లేకపోలేదు. కోజికోడు వైద్యకళాశాలలో 1993లో చిన్నగ ఆరంభమైన సేవ ఊరూర స్వచ్ఛంద సేవకులను కూర్చుకొని పెరిగినది. 2008లో కేరళ ప్రభుత్వము దీనిని రాష్ట్రవిధానముగ స్వీకరించి, పంచాయతీలను ఇందులో భాగస్వాములను గావించినది. అక్కడ నర్సు ఇంటికే వచ్చి మంచమునబడిన రోగిని చూచును. జబ్బు పేరు క్యాన్సరా, మరియొకటా యని తడవదు. తెలంగాణములో “ఆలన” యను పేర ఈ సేవ జిల్లాలలో నెలకొల్పబడినది.

రెండు తెలుగు రాష్ట్రముల ప్రభుత్వములను మేము కోరునది స్పష్టము. ఆయాసముతో ఒక్క సంవత్సరములో రెండవసారి ఆసుపత్రిలో చేరిన ప్రతి రోగిని, ఇంటనే అటునిటు నడువలేని ప్రతి రోగిని ఉపశమన సేవలో చేర్పవలెను. ఎన్ని దినములు బ్రతుకునను లెక్క కొరకు కాచుకొని కూర్చుండరాదు; ఆ లెక్క తేలులోపల రోగి మరణించును. జిల్లా ఆసుపత్రులన్నిటను మార్ఫిన్ నిలువ యుండవలెను. ప్రతి మండలమునను ఇంటింటికి పోగల నర్సు ఒకరైన ఉండవలెను. గ్రామముల పెద్దలు ప్రాణవాయు యంత్రము ఒకటి కొని పంచాయతీలో ఉంచుట, నర్సు రాకపోకలకు వాహన మమర్చుట, విసుగెత్తిన ఇల్లాలికి ఒక పూట విశ్రాంతి కల్పించుట చేయగలరు. గుడికి మంటపము కట్టించు ఊరికి ఇది మోయరాని భారము గాదు.