ఎలుకకూ కేస్‌షీటు కావాలి

రోగిని వేరే ఆసుపత్రికి పంపేటప్పుడు కేస్‌షీటు, తోడు మనిషి లేకుండా మేము అంబులెన్సు ఎక్కించం. ప్రయోగశాల జంతువులను ఒక పరిశోధనా సంస్థ నుండి మరో సంస్థకు పంపేటప్పుడు కూడా ఇంత జాగ్రత్త ఉండాలని మా అభిప్రాయం.

మీరు వాడే చాలా మందులు, మీ పిల్లలకు వేయించే టీకాలు ముందుగా ఎలుకలు, కుందేళ్ళ వంటి జంతువులపై పరీక్షించినవే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఇలాంటి జంతువులను పెంచి ఎన్నో సంస్థలకు పంపింది. దారిలో ఎండ, కుదుపులు, దప్పిక వల్ల జంతువు బెదురుతుంది, బరువు తగ్గుతుంది, రోగనిరోధక శక్తి మారుతుంది. దింపిన వెంటనే ప్రయోగం మొదలుపెడితే, కనిపించిన మార్పు మందుదో బడలికదో తెలియదు.

మరొక ప్రమాదం అంటురోగం. 1970, 80 దశకాల్లో జపాన్‌లో ప్రయోగశాల ఎలుకల నుండి హాంటా వైరస్ అక్కడి సిబ్బందికి సోకింది. ఈ వైరస్ ఉన్న ఎలుక పైకి ఆరోగ్యంగానే కనిపిస్తుంది. అందుకే కొత్తగా వచ్చిన జంతువులను కొన్నాళ్ళు విడిగా ఉంచాలి.

మన దేశంలో 1998 నాటి నిబంధనల ప్రకారం రిజిస్టరైన సంస్థలే జంతువులను ఇచ్చిపుచ్చుకోవాలి, రికార్డు రాయాలి. రిజిస్టరులో సంతకం ఒక్కటే చాలదు. ఆరోగ్య పత్రం, నీరు, గాలి, చల్లటి వేళలో ప్రయాణం, దారి పొడుగునా ఒక బాధ్యుడు ఉండాలి.

ఎలుకకు ఇంత ఖర్చా అని కొందరు అడగవచ్చు. పాడైన ప్రయోగాన్ని మళ్ళీ చేయాలంటే ఖర్చూ రెట్టింపు, పోయే ప్రాణాలూ రెట్టింపు. మన ఆరోగ్యం కోసం ప్రాణమిచ్చే మూగజీవికి ప్రయాణమైనా బాధ లేకుండా జరగాలి.